జంబుల్డ్ సెంటెన్సెస్: చెదిరిన వాక్యాల నుంచి పేరా కట్టే పద్ధతి

ఇంగ్లీషు పరీక్షల్లో వాక్యాలను కలిపేసి ఇచ్చి సరైన వరుసలో పెట్టమనే ప్రశ్న కనిపించగానే చాలామంది మొదటి వాక్యం కోసం వెతుకుతారు. అది దొరికే దాకా ఒక్కో వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతారు. దొరికిందనుకున్నాక దాని పక్కన ఏది బాగుంటుందో చెవికి వినిపించినట్టు పెట్టుకుంటూ పోతారు. ఈ దారిలో వెళ్తే నాలుగు వాక్యాలకే రెండు మూడు వరుసలు సరైనవిగానే తోస్తాయి, ఇక అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది.

నేను పిల్లలకు చెప్పేది వేరు. మొదటి వాక్యాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు జతలు వెతకండి. ఒకదాని వెంటనే మరొకటి రాక తప్పని రెండు వాక్యాలు ప్రతి పేరాలోనూ ఉంటాయి. అలాంటి జతలు రెండు దొరికితే పేరా దాదాపు దానంతట అదే నిలబడుతుంది. ఆ జతల్ని ఎలా పట్టుకోవాలన్నదే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం.

ఉదాహరణల్లోని ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో ఇస్తున్నాను. వాటిని నోట్‌బుక్‌లో ఇంగ్లీషులో రాసుకుని, జవాబు చదవక ముందే ఒకసారి సొంతంగా ప్రయత్నించండి.

ఈ ప్రశ్న ఎక్కడెక్కడ వస్తుంది

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షల్లో సాధారణంగా నాలుగు వాక్యాలు ఇచ్చి, నాలుగు వరుసల్లో సరైనదాన్ని ఎంచుకోమంటారు. బ్యాంకు పరీక్షల్లో ఐదారు వాక్యాల సెట్ ఇచ్చి, సరిచేశాక మొదట వచ్చేది ఏది, మూడోది ఏది, చివరిది ఏది అని విడివిడిగా అడగడం మామూలే. ఎంబీఏ ప్రవేశానికి రాసే క్యాట్‌లో ఈ ప్రశ్నకు సాధారణంగా ఆప్షన్లే ఉండవు, వరుసను మీరే టైప్ చేయాలి. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే పీటీఈ అకడమిక్‌లో ‘రీ-ఆర్డర్ పేరాగ్రాఫ్స్’ అని వస్తుంది. అందులో పక్కపక్కనే సరిగ్గా పెట్టిన ప్రతి జతకూ మార్కు ఉంటుంది. మొత్తం వరుస కుదరకపోయినా కుదిరిన జతల మార్కులు పోవు. జతలే ముఖ్యమని పరీక్ష పెట్టేవాళ్ళు కూడా ఒప్పుకున్నట్టే కదా.

మొదటి మెట్టు: అన్నీ ఒకసారి చదివి, విషయం తెలుగులో చెప్పుకోండి

పెన్ను పట్టుకోక ముందు అన్ని వాక్యాలూ ఒక్కసారి చదవండి. వరుస గురించి ఆలోచించొద్దు. చదివాక ఇది దేని గురించో మనసులో తెలుగులో ఒక్క ముక్కలో చెప్పుకోండి: ‘ఒక ఆనకట్ట ఎలా వచ్చిందో’, ‘ఒక బొమ్మ ఎలా తయారవుతుందో’, ‘పదాల్ని ఎలా నేర్చుకోవాలో’. ఇంగ్లీషు పేరాకి తెలుగులో ఆలోచించడం తప్పేమీ కాదు. విషయం పట్టుబడటమే ఇక్కడ కావాల్సింది.

చెప్పేది కథా, తయారీ విధానమా, వాదనా అని కూడా ఇక్కడే గమనించండి. కథలో కాలం నడిపిస్తుంది. తయారీ విధానంలో ముందు ఏ పని, తర్వాత ఏ పని అన్నది నడిపిస్తుంది. వాదనలో ఒక మాట, దానికి అడ్డు మాట, దాని మీద నిర్ణయం నడిపిస్తాయి. మూడింటిలో వాదనే కష్టం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రెండో మెట్టు: విడదీయలేని జతలు

జతల్ని పట్టించే గుర్తులు ఐదారు రకాలు. అన్నిటికంటే తేలికైనది సర్వనామం. ఒక వాక్యంలో హి, షి, ఇట్, దే, హిజ్, దెయిర్ లాంటిది ఉంటే, అది ఎవరి గురించో చెప్పే పేరు ముందు వాక్యంలో ఉండాలి. సర్వనామం కనిపించిన ప్రతిచోటా ‘ఎవరు? ఏది?’ అని అడగండి. జవాబు ఉన్న వాక్యం దానికి ముందు జత. ఏకవచనమా బహువచనమా అన్నది తప్పకుండా చూడండి. ‘దే’ ఉంటే ఒక్క మనిషి పేరున్న వాక్యం దాని జత కావడం అరుదు.

రెండో గుర్తు ‘ఎ’, ‘ది’. తెలుగు పిల్లలు ఎక్కువగా దాటేసేది దీన్నే, ఎందుకంటే మనకు ఆర్టికల్స్ లేవు. చదివేటప్పుడు కన్ను వాటి మీద ఆగదు. కానీ వాటి పనిని మనం రోజూ చేస్తూనే ఉంటాం. ‘ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు’ అని మొదలుపెట్టి, తర్వాత ‘ఆ రైతుకి’ అంటాం. ‘ఆ రైతు’తో కథ మొదలుపెడితే వినేవాడు ‘ఏ రైతు?’ అని అడుగుతాడు. ఇంగ్లీషులోనూ అంతే. ఒక వాక్యంలో ‘ఎ ఫార్మర్’, మరో వాక్యంలో ‘ది ఫార్మర్’ ఉంటే, ‘ఎ’ ఉన్నదే ముందు. ‘ఎ లెటర్’, ‘ది లెటర్’ అయినా, ‘ఎ స్టడీ’, ‘ది స్టడీ’ అయినా ఇదే లెక్క. ప్రశ్న చదివేటప్పుడు ఎ, ఎన్, ది అన్నిటికీ పెన్సిల్‌తో చుట్టూ గీత పెట్టమని నేను పట్టుబట్టి చేయిస్తాను. కొన్నాళ్ళకు గీత అవసరం లేకుండానే కన్ను అక్కడ ఆగడం నేర్చుకుంటుంది.

మూడోది నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు: దిస్, దీజ్, సచ్ లాంటి మాట, దాని వెనకే ఒక నామవాచకం. ‘దిస్ డెసిషన్’ అంటే ముందు వాక్యంలో ఎవరో ఏదో నిర్ణయించి ఉండాలి. ఆ వాక్యంలో ‘డెసిషన్’ అనే మాట ఉండాలని లేదు. ‘ది కౌన్సిల్ క్లోజ్డ్ ది రోడ్’ అని ఉన్నా చాలు, రోడ్డు మూయడమే ఆ నిర్ణయం. ‘దిస్ డిలే’, ‘సచ్ ఫియర్స్’, ‘దీజ్ ఛేంజెస్’ లాంటివన్నీ ముందు వాక్యం మొత్తాన్ని ఒక్క మాటలో మడిచిపెట్టి ముందుకు తీసుకెళ్తాయి. అందుకే మాట కోసం కాకుండా అర్థం కోసం వెతకాలి. ఆలస్యం జరిగిన వాక్యం ఏది? భయాలు చెప్పిన వాక్యం ఏది? ఇలా అడిగితే జత బయటపడుతుంది.

ఇక కలిపే మాటలు. ‘హోవెవర్’, ‘బట్’, ‘యెట్’ ఉంటే ముందు వాక్యం దానికి ఎదురు దిశలో ఉండాలి. ‘దేర్‌ఫోర్’, ‘యాజ్ ఎ రిజల్ట్’ ఉంటే ముందు కారణం ఉండాలి. ‘ఫర్ ఎగ్జాంపుల్’ ఉంటే ముందు ఒక సాధారణమైన మాట చెప్పి ఉండాలి. ‘ఆల్సో’, ‘మోరోవర్’ ఉంటే అదే దిశలో ఒక మాట అప్పటికే వచ్చి ఉండాలి. చాలామంది ‘హోవెవర్’ని చూడగానే దాన్ని రెండో స్థానంలో పెట్టేస్తారు. అది ఏ స్థానంలోనైనా రావచ్చు, దేనికి ఎదురు తిరుగుతోందన్నదే ముఖ్యం.

పేర్ల విషయం త్వరగా చెప్తాను. పూర్తి పేరు ముందు, పొట్టి పేరు తర్వాత. ‘ఇండియన్ స్పేస్ రీసెర్చ్ ఆర్గనైజేషన్’ ముందు, ‘ఇస్రో’ తర్వాత. మనిషి హోదా చెప్పే వాక్యం ముందు, ఇంటిపేరుతో మాత్రమే పిలిచే వాక్యం తర్వాత.

సంవత్సరాలు, ‘లేటర్’, ‘దెన్’, ‘ఫైనల్లీ’ లాంటి కాలం గుర్తులు బాగా పనికొస్తాయి. అయితే ఒక జాగ్రత్త. ‘హాడ్ లెఫ్ట్’, ‘హాడ్ బీన్’ లాంటి పాస్ట్ పర్ఫెక్ట్ క్రియ ఉన్న వాక్యం, జరిగిన క్రమంలో ముందుదైనా పేరాలో తర్వాత రావచ్చు. ‘షి రీచ్డ్ ది స్టేషన్ అట్ టెన్. ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్.’ రైలు వెళ్ళిపోవడం ముందే జరిగింది, కానీ చెప్పడం తర్వాత. జరిగిన క్రమం, చెప్పిన క్రమం ఎప్పుడూ ఒకటి కావు.

మూడో మెట్టు: ఏది మొదటిది కాలేదో తీసేయండి

జతలు గుర్తించాక మొదటి వాక్యం సంగతి చూడొచ్చు. ఎవరి గురించో తెలియని సర్వనామం ఉన్నవి, కలిపే మాటతో మొదలయ్యేవి, అప్పటిదాకా చెప్పని వస్తువుకి ‘ది’ పెట్టినవి మొదటివి కాలేవు. వీటిని తీసేస్తే సాధారణంగా ఒకటి రెండే మిగులుతాయి.

ఇందులో మినహాయింపులు తెలియకపోతే మంచి జవాబు చేజారుతుంది. ‘ది సన్’, ‘ది గవర్నమెంట్’, ‘ది గోదావరి’ లాంటివి అందరికీ తెలిసిన ఒకే ఒక్కటి కాబట్టి వాటికి మొదటి వాక్యంలోనే ‘ది’ రావచ్చు. అలాగే ‘బిఫోర్ హి బికేమ్ ప్రెసిడెంట్, రాధాకృష్ణన్ టాట్ ఫిలాసఫీ’ అన్న వాక్యంలో ‘హి’ ముందే వచ్చినా, పేరు అదే వాక్యంలో ఉంది. ఇది హాయిగా మొదటి వాక్యం కావచ్చు. సర్వనామం కనిపించగానే కొట్టేయకుండా, వాక్యం చివరి దాకా చదివి పేరు అక్కడే ఉందేమో చూడాలి.

పూర్తిగా చేసి చూద్దాం

1. ది వర్క్ బిగాన్ ఇన్ 1847 అండ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852.
2. ది సేమ్ డెల్టా ఈజ్ నౌ కాల్డ్ ఎ రైస్ బౌల్.
3. ఆర్థర్ కాటన్, ఎన్ ఆర్మీ ఇంజినీర్, సా దిస్ వేస్ట్ అండ్ స్టడీడ్ ది రివర్ క్లోజ్‌లీ.
4. ఇన్ ది 1830స్, ఫామిన్ రూయిన్డ్ ది పీపుల్ ఆఫ్ ది గోదావరి డెల్టా.
5. హి ప్రపోజ్డ్ ఎ డ్యామ్ అక్రాస్ ఇట్ అట్ ధవళేశ్వరం.
6. యెట్ ది రివర్ బిసైడ్ దెమ్ వాజ్ క్యారీయింగ్ ఇట్స్ వాటర్ అన్‌యూజ్డ్ టు ది సీ.

విషయం అర్థమైంది: కరువు, కాటన్, ధవళేశ్వరం ఆనకట్ట. ఇప్పుడు జతలు. 5లో ‘హి’ ఎవరు? మగమనిషి పేరు 3లో మాత్రమే ఉంది. 5లో ‘ఇట్’ ఏది? నది. అదీ 3లో ఉంది. కాబట్టి 3-5 విడదీయలేని జత. 3లో ‘దిస్ వేస్ట్’ అంటున్నారు. ఏది వృథా అయింది? వాడుకోకుండా సముద్రంలో కలిసిన నీళ్ళు, అంటే 6. ‘వేస్ట్’ అనే మాట 6లో లేదు, అర్థం ఉంది. కాబట్టి 6-3. అలా 6-3-5 దొరికింది.

6లో ‘దెమ్’ ఎవరు? జనం. జనం మాట 4లో ఉంది. ‘యెట్’ కూడా సరిపోయింది: ఒక పక్క కరువు, మరో పక్క పారే నది. ఇప్పుడు 4-6-3-5. ఇక 1లో ‘ది వర్క్’ ఏ పని? ప్రతిపాదించిన ఆనకట్ట పని. కాబట్టి 5 తర్వాత 1. మిగిలింది 2.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దాన్ని చూడకుండా వెళ్ళొద్దు. 2లో ‘ది సేమ్ డెల్టా’ ఉంది, 4లో ‘డెల్టా’ ఉంది. మాట కలిసింది కదా అని 4-2 పెట్టే పిల్లలు చాలామంది ఉంటారు. పెట్టి చూడండి. కరువుతో జనం చితికిపోయారు, అదే డెల్టా ఇప్పుడు అన్నపాత్ర. మధ్యలో ఏం జరిగిందో చెప్పలేదు. పైగా 6లోని ‘దెమ్’ తన జనానికి దూరమైపోతుంది. ఒకే మాట రెండు వాక్యాల్లో కనిపించడం ఒక సూచన మాత్రమే. దాన్ని గట్టి జతగా లెక్కపెట్టొద్దు. సర్వనామం, ‘దిస్’తో వచ్చిన నామవాచకం, కలిపే మాట చెప్పినదానికి ఎక్కువ విలువ ఇవ్వండి.

జవాబు 4-6-3-5-1-2. గమనించండి, సంవత్సరాలు ఉన్న వాక్యాలు రెండు ఉన్నా వాటి మీద మనం దాదాపు ఆధారపడలేదు.

వాదన ఉన్న పేరాలు

క్యాట్ లాంటి పరీక్షల్లో తేదీలూ పేర్లూ లేని పేరాలు ఇస్తారు. అక్కడ గుర్తులు పైకి కనిపించవు. ఇది చూడండి.

1. ఎ వర్డ్ మెట్ ఇన్ ఎ స్టోరీ, బై కాంట్రాస్ట్, కమ్స్ విత్ ఎ పిక్చర్.
2. ఎ వీక్ లేటర్, హోవెవర్, మోస్ట్ ఆఫ్ ది లిస్ట్ ఈజ్ గాన్.
3. దట్ పిక్చర్ ఈజ్ వాట్ బ్రింగ్స్ ది వర్డ్ బ్యాక్.
4. ఎ వర్డ్ లర్న్‌డ్ ఫ్రమ్ ఎ లిస్ట్ ఈజ్ ఈజీ టు రికాల్ ఆన్ ది సేమ్ డే.

1-3 జత తేలికే: ‘ఎ పిక్చర్’, తర్వాత ‘దట్ పిక్చర్’. 4-2 కూడా అంతే: ‘ఎ లిస్ట్’, తర్వాత ‘ది లిస్ట్’, ‘సేమ్ డే’, తర్వాత ‘ఎ వీక్ లేటర్’. రెండు జతలు వచ్చాయి, ఏది ముందు? 1లో ‘బై కాంట్రాస్ట్’ ఉంది కాబట్టి పోల్చడానికి ఒకటి ముందే ఉండాలి. అందుకే 4-2-1-3.

కొందరు 4-1-3-2 పెడతారు. జాబితా గురించి ఒక వాక్యం, కథ గురించి రెండు, మళ్ళీ జాబితా. వ్యాకరణంలో తప్పు పట్టలేం, కానీ ఆలోచన వెనక్కి తిరిగింది. మంచి పేరా ఒక పక్షం గురించి చెప్పాల్సింది ముగించాకే రెండో పక్షానికి వెళ్తుంది. వాదన పేరాల్లో గుర్తులన్నీ వాడాక కూడా రెండు వరుసలు మిగిలితే, ఆలోచన ఏ వరుసలో వెనక్కి తిరగకుండా నడుస్తోందో చూసి దాన్నే తీసుకోండి.

సాధారణమైన మాట ముందు, ప్రత్యేకమైనది తర్వాత అన్నది ఇంకో మంచి ఆధారం. అయితే వ్యాసకర్తలు ఒక్కోసారి చిన్న సంఘటనతో మొదలుపెట్టి దాని నుంచి పెద్ద మాటకు వస్తారు. అలాంటప్పుడు ఆ పెద్ద వాక్యంలో ‘సచ్’, ‘దిస్’ లాంటివి ఏవైనా ఉన్నాయేమో వెతకండి. ఉంటే అది తర్వాతే వస్తుంది.

వాక్యంలోని ముక్కలు కలిపి ఇస్తే

ఒకే వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఇచ్చే ప్రశ్న కూడా ఉంది. దీనికి పద్ధతి వేరు. ముందు క్రియను పట్టుకోండి, తర్వాత దాని కర్తను. తెలుగులో క్రియ చివర ఉంటుంది కాబట్టి మన మనసు దాన్ని చివరికి నెట్టాలని చూస్తుంది. ఇంగ్లీషులో అది కర్త వెనకే వస్తుంది. ‘ఆఫ్’, ‘విత్’, ‘ఫ్రమ్’ లాంటి వాటితో ముగిసే ముక్క వెనక ఒక నామవాచకం కోసం చూడండి. ‘హూ’, ‘విచ్’తో మొదలయ్యే ముక్క సాధారణంగా తాను వర్ణించే మనిషికో వస్తువుకో ఆనుకునే ఉంటుంది.

పరీక్ష గదిలో

ఆప్షన్లు ఉంటే ఒక్క గట్టి జత చాలు. ఆ జత లేని ఆప్షన్లు కొట్టేయండి. ఒక్కోసారి అక్కడికే జవాబు తేలిపోతుంది. మిగతా వాక్యాలు మళ్ళీ చదవనక్కర్లేదు. బ్యాంకు సెట్లలో మాత్రం పూర్తి వరుస కాగితం మీద రాసుకున్నాకే ప్రశ్నలకు వెళ్ళండి. ఒక్క వాక్యం జరిగితే దాని వెంట మూడు నాలుగు మార్కులు జరుగుతాయి, తప్పుకి కోత కూడా ఉంటుంది. క్యాట్‌లో టైప్ చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి సందేహం ఉన్నా వరుస రాసే రండి. పీటీఈలో మొత్తం తేలకపోయినా తెలిసిన జతల్ని పక్కపక్కనే ఉంచి ముందుకు వెళ్ళండి.

వరుస పెట్టాక ఒక్కసారి మొత్తం చదవడం మానొద్దు. పెదాలు కదుపుతూ చదివితే ఇంకా మంచిది. ఎక్కడైనా ‘ఇదెవరు?’, ‘ఇదేంటి మధ్యలో?’ అనిపిస్తే అక్కడే కుట్టు ఊడింది.

ఇంట్లో, తరగతిలో సాధన

ప్రశ్నల పుస్తకాలు కొనే ముందు ఇది చేయండి. ఒక మంచి ఇంగ్లీషు పేరాను వాక్యానికో చీటీ చొప్పున రాసి, కలిపి, కవర్లో పెట్టండి. రెండు మూడు రోజులు గడిచాక తీసి అమర్చండి. అసలుతో పోల్చండి. ఒక వాక్యం వెనక మరో వాక్యం ఎందుకు పెట్టారో పక్కన తెలుగులో రాయండి: ‘ఇట్ అంటే నది కాబట్టి’, ‘దిస్ డిలే అంటే ఆ సమ్మె కాబట్టి’. కారణం రాయలేని జత ఉంటే అది అదృష్టంతో కుదిరింది, దాని దగ్గర ఆగి ఆలోచించండి.

పేరా ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదీ ముఖ్యమే. దినపత్రికల మొదటి పేజీ వార్తలు దీనికి పెద్దగా పనికిరావు. వార్తలో ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తారు, ఒక్కో పేరాలో ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. సంపాదకీయాలు, ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర, సైన్స్ పుస్తకాలు చాలా మేలు. చరిత్ర పుస్తకంతో మొదలుపెట్టి సంపాదకీయానికి వెళ్ళండి.

ఆరు, ఏడు తరగతుల పిల్లలైతే మొదటి రోజు తెలుగు కథే కలిపి ఇవ్వండి. ఆలోచించే తీరు ఒకటే కాబట్టి భయం పోతుంది. ఉపాధ్యాయులకు ఒక పద్ధతి చెప్తాను. ఆరుగురు పిల్లలకు ఆరు చీటీలు ఇచ్చి, ఎవరి చీటీ ఎవరికీ చూపించకుండా నోటితో మాత్రమే చెప్పుకుంటూ వరుసలో నిలబడమనండి. మాట్లాడటానికి జంకే పిల్ల కూడా ‘నా దాంట్లో హి ఉంది, పేరు ఎవరి దగ్గరుంది?’ అని అడగక తప్పదు. పుస్తకంలో గంట చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది.

ఇప్పుడు ఒక సెట్ మీకు

1. ఫైనల్లీ, ది టాయ్ ఈజ్ పెయింటెడ్ ఇన్ బ్రైట్ కలర్స్.
2. దీజ్ పార్ట్స్ ఆర్ జాయిన్డ్ విత్ ఎ పేస్ట్ ఆఫ్ టామరిండ్ సీడ్ పౌడర్ అండ్ సాడస్ట్.
3. ది వుడ్ ఈజ్ ఫస్ట్ డ్రైడ్ అంటిల్ ఇట్ లూజెస్ ఇట్స్ మాయిశ్చర్.
4. కొండపల్లి టాయ్స్ ఆర్ మేడ్ ఫ్రమ్ ఎ సాఫ్ట్ వుడ్ కాల్డ్ తెల్ల పొణికి.
5. ది హెడ్, ది ఆర్మ్స్ అండ్ ది బాడీ ఆర్ దెన్ కార్వ్‌డ్ సెపరేట్లీ.

జవాబు 4-3-5-2-1. ‘ఎ సాఫ్ట్ వుడ్’ తర్వాతే ‘ది వుడ్’ కాబట్టి 4-3. ‘దీజ్ పార్ట్స్’ అంటే తల, చేతులు, ఒళ్ళు కాబట్టి 5-2. 5లో ‘పార్ట్స్’ అనే మాట లేకపోయినా జత అదే. ‘ఫస్ట్’ వెనక ‘దెన్’ కాబట్టి 3-5. ‘ఫైనల్లీ’ చివరిది. 3లో ‘ఫస్ట్’ చూసి దాన్ని మొదటి వాక్యంగా పెట్టి ఉంటే, ఆ వాక్యం ‘ది వుడ్’తో మొదలైందని మరోసారి చూడండి. ‘ఫస్ట్’ ఇక్కడ తయారీలో మొదటి పని, పేరాలో మొదటి వాక్యం కాదు.